ఎంబసీ వారు భోజనానికి పిలిస్తే

ప్రశ్న: మా అమ్మాయి వాషింగ్టన్‌లోని ఒక థింక్ ట్యాంక్‌లో (విధాన పరిశోధన సంస్థలో) ఆసియా రక్షణ విధానాలపై పరిశోధన చేస్తోంది. ఒక దేశపు ఎంబసీ అధికారి రెండుసార్లు భోజనానికి పిలిచారట. వెళ్తే ఏమైనా ఇబ్బందా?
- ఒక తల్లి, విజయవాడ

జవాబు: వెళ్లడం తప్పు కాదండీ. తానున్న దేశంలో పరిస్థితుల్ని చట్టబద్ధంగా తెలుసుకోవడం దౌత్యవేత్త విధుల్లో ఒకటని దౌత్య సంబంధాలపై 1961లో కుదిరిన వియన్నా ఒప్పందమే చెబుతోంది. పరిశోధకులకూ ఆ పరిచయాలు అవసరం. చిక్కంతా ఆ తర్వాత వచ్చే కోరికలతోనే.

ముందు మీ అమ్మాయి రాసిన వ్యాసాన్ని మెచ్చుకుంటారు. తర్వాత టికెట్టు, హోటలు ఖర్చులు పెట్టుకుని తమ దేశంలో సదస్సుకు పిలుస్తారు. ఆపైన డబ్బిచ్చి ‘చిన్న నోట్’ రాయమంటారు. అందులో అడిగేది పత్రికల్లో దొరికేదే కాబట్టి అనుమానం రాదు. అసలు కోరిక చివర్లో వస్తుంది: ఆంతరంగిక సమావేశంలో ఎవరేమన్నారు, ఏ అధికారి ఎటు మొగ్గుతున్నారు? లేదా తామిచ్చిన అంశాలతో ఆమె పేరు మీద పత్రికకు వ్యాసం. అప్పటికే వారి సొమ్ము తిన్న మొహమాటం కాదననివ్వదు.

2024 జూలైలో న్యూయార్క్‌లో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కొరియా వ్యవహారాల నిపుణురాలొకరిపై పెట్టిన కేసు ఇలాంటిదే. దక్షిణ కొరియా అధికారుల నుంచి ఖరీదైన హ్యాండ్‌బ్యాగులు, కోటు, విందులు, పరిశోధన కార్యక్రమానికి 37,000 డాలర్లకు పైగా అందుకున్నారనీ, అమెరికా విదేశాంగ మంత్రితో జరిగిన ఆంతరంగిక సమావేశం నోట్స్ వారికిచ్చారనీ ఆరోపణ. ఆమె వాటిని తోసిపుచ్చారు.

ఆ కేసుకు ఆధారం 1938 నాటి ‘ఫారా’, అంటే అమెరికాలోని విదేశీ ఏజెంట్ల నమోదు చట్టం. విదేశీ ప్రభుత్వం కోరిక మీద అమెరికా విధానాన్నో ప్రజాభిప్రాయాన్నో ప్రభావితం చేసే పనికి దిగితే, పది రోజుల్లో న్యాయశాఖ దగ్గర నమోదు చేసుకోవాలి. డబ్బు ముట్టలేదన్నంత మాత్రాన తప్పించుకోలేరు. విద్యా పరిశోధనకు మినహాయింపు ఉంది గానీ, రాజకీయ పని కలిస్తే అది చెల్లదు. పిలిచిన దౌత్యవేత్తకు రక్షణ ఉంటుంది, కేసు పడేది పరిశోధకురాలి మీదే. పిల్లలు ఈ తేడాను గ్రహించకపోవడమే మాకు బాధ కలిగిస్తుంది.

కాబట్టి వెళ్లే ముందే పై అధికారికి మెయిల్ పెట్టాలి. తన బిల్లు తనే కట్టాలి. ఎవరు కలిశారు, ఏం అడిగారు అన్నది అదే రోజు తేదీతో రాసిపెట్టుకోవాలి. నోట్ అడిగితే ‘అచ్చయిన వ్యాసం పంపుతాను’ అంటే చాలు. అచ్చుకాని ప్రతిని చూపకూడదు. వారి ఖర్చుతో వెళ్లివస్తే వ్యాసం కిందే ఆ మాట వేయాలి.

ప్రశ్న: లింక్డ్‌ఇన్‌లో ఒక కన్సల్టెన్సీ నా పరిశోధన అంశం మీద రిపోర్టులు రాయమంటోంది. నమ్మవచ్చా?
- ఒక పీహెచ్‌డీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ముందు ఆ రిపోర్టు చదివే క్లయింటు ఎవరో రాతపూర్వకంగా అడగండి. చెప్పకపోతే వదిలేయండి. 2015లో బీజింగ్‌లో ప్రసంగించిన సింగపూర్‌కు చెందిన ఒక పీహెచ్‌డీ కుర్రాణ్ని ‘థింక్ ట్యాంక్ వాళ్లం’ అంటూ చైనా గూఢచారులు ఇలాగే పలకరించారు. తర్వాత అతనే బూటకపు కన్సల్టెన్సీ పేరుతో ఉద్యోగ ప్రకటన వేసి 400కు పైగా రెజ్యూమేలు రాబట్టాడు. 2020లో వాషింగ్టన్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, 14 నెలల శిక్ష పడింది. పనికి మించిన పారితోషికం, బహిరంగంగా దొరికే విషయాల నుంచి ‘లోపలి మాట’ వైపు మళ్లే ప్రశ్నలు, వేరే యాప్‌లోకి రమ్మనడం కనిపిస్తే జవాబివ్వకండి. ఆ సందేశాలు చెరిపేయకుండా మీ గైడ్‌కు చూపండి.