ముందు ఆ ఫొటో కార్డులు తిరిగి ఇచ్చేయండి

అక్కగారూ, మీ అమ్మాయి బీటీఎస్ అనే కొరియా పాటల బృందం ధ్యాసలో రాత్రి రెండింటిదాకా ఫోను వదలట్లేదని, కోపమొచ్చి వాళ్ల బొమ్మలున్న ఆ ఫొటో కార్డులన్నీ బీరువాలో పెట్టి తాళం వేశానని రాశారు. ముందు అవి ఇచ్చేయండి.

మా పాలకొల్లులో మా చెల్లి కూతురి విషయంలో నేనూ అదే తప్పు చేశానండి. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు పెరట్లో కొబ్బరిచెట్టు కింద పక్కన కూర్చుని అడిగితే, "నేను ఏడ్చినా విసుక్కోనిది వాళ్లొక్కరే పెద్దమ్మా" అంది. నా గుండె జారిపోయింది.

తెర మీది మనిషి మనతోనే మాట్లాడుతున్నట్టు తోచి, ఒకవైపు నుంచే అల్లుకునే ఈ బంధానికి హోర్టన్, వోల్ అనే పరిశోధకులు 1956లోనే పారాసోషల్ అని పేరు పెట్టారు. అప్పుడు రేడియో, టీవీ. ఇప్పుడు వీవర్స్ అనే అభిమానుల యాప్ లైవ్‌లో ఆ బృందంలోని అబ్బాయి నూడుల్స్ తింటూ "తిన్నారా?" అంటాడు. ఇంట్లో మార్కుల గురించి తప్ప ఏమీ అడగకపోతే పిల్ల మనసు అటే పోతుంది. కటౌట్లకి పాలాభిషేకం చేసే మగపిల్లల్ని వయసని వదిలేస్తాం, ఆడపిల్ల పోస్టరు పెట్టుకుంటే పిచ్చంటాం. అది అన్యాయమండి.

ఒక లైవ్ తనతో కూర్చుని చూడండి, ఆ ఏడుగురి పేర్లు చెప్పించుకోండి. రాత్రి పదింటికి ఫోన్లన్నీ హాల్లో చార్జింగుకి పెట్టండి, మీదీ కలిపి. చదువు, తిండి, స్నేహాలు పూర్తిగా మానేసినా, చచ్చిపోతానన్నా ఆలస్యం చేయకుండా 14416కి, అంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రానికి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.