ఆపరేషన్ అయ్యాక హుషారుగా ఉంటేనే ఎక్కువ జాగ్రత్త

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆడకుక్కకి నాలుగు రోజుల కింద పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. మొదటి రెండు రోజులు మూల పడుకునే ఉంది, ఇప్పుడేమో సోఫా మీదకి ఎగిరి దూకుతోంది. కుట్లు నాకకుండా మెడకి కట్టిన గరాటు లాంటి కోన్ చూస్తే జాలేసి రాత్రి తీసేశాం, పొద్దున లేచి చూస్తే కుట్లు నాకుతోంది. నాకితే త్వరగా మానుతుందని మావారు అంటున్నారు, నిజమేనా?

జవాబు: కాదమ్మా, ముందు ఆ కోన్ తగిలించేసి తర్వాత మిగతాది చదవండి. కుక్క నోట్లో బోలెడు బ్యాక్టీరియా ఉంటుంది, పైగా దాని నాలుక పదేపదే తగిలి కుట్లు వదులవుతాయి, పళ్ళతో ఒక్క దారం లాగిందంటే మళ్ళీ మత్తిచ్చి కుట్లేయాల్సొస్తుంది. మీవారు చెప్పిన మాట చాలా ఇళ్ళల్లో వింటూనే ఉంటాను లెండి.

అసలు తంటా ఎక్కడొస్తుందంటే, నొప్పి మందు పనిచేస్తుంటే దానికి తనకి ఆపరేషన్ అయిందన్న సంగతే గుర్తుండదు. పైన చర్మం అతుక్కున్నట్టు కనిపిస్తుంది గానీ లోపల పొట్ట కండరాలకి కూడా కుట్లు ఉంటాయి, అవి గట్టిపడటానికి టైమ్ పడుతుంది. అందుకే 10 నుంచి 14 రోజులు పరుగులు, దూకుళ్ళు, మెట్లు, వేరే కుక్కతో కుస్తీలు అన్నీ బంద్. బయటికి తీసుకెళ్ళడం ఒంటికీ రెంటికీ మాత్రమే, అదీ లీష్ కట్టే. స్నానం కూడా ఈ రోజులన్నీ వద్దు. కోన్ ఎప్పుడు తీయాలో మీ డాక్టర్ కుట్లు చూసి చెప్తారు, అది జాలిగా చూసిందని తీయకండి.

కోన్ అంచు ముక్కు కన్నా కాస్త ముందుకి రావాలి, మెడ దగ్గర రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. తినేటప్పుడు గిన్నెకి తగిలి విసుక్కుంటుంటే గిన్నె కొంచెం ఎత్తులో పెట్టండి, లేదా కోన్ తీసి మీరు పక్కనే కూర్చుని తినిపించి వెంటనే మళ్ళీ పెట్టేయండి, "ఒక్క నిమిషమే కదా" అని ఫోన్ మాట్లాడుతూ మర్చిపోతేనే కొంప మునిగేది.

రోజుకి రెండుసార్లు మంచి వెలుతురులో కుట్లు చూడండి. రోజూ ఒకే యాంగిల్‌లో ఫోటో తీసుకుంటే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలిసిపోతుంది. కొద్దిగా గులాబీ రంగు, కొంచెం వాపు ఉంటే కంగారు లేదు. వాపు రోజురోజుకీ పెరుగుతున్నా, చీము కారినా, వాసనొచ్చినా, అంచులు విడిపోయినా, రక్తం ఆగకుండా కారుతున్నా వెంటనే తీసుకెళ్ళండి. చిగుళ్ళు తెల్లగా పాలిపోయి, లేవలేక పడుంటే మాత్రం లోపల రక్తం పోతోందేమో అని అనుమానించాలి, తెల్లారేదాకా ఆగకండి. మీది ఇప్పటికే నాకింది కాబట్టి ఎలాగూ ఒకసారి చూపించేయండి. ఈలోగా దానిమీద ఆయింట్‌మెంట్లు, పౌడర్లు, స్పిరిట్ లాంటివి ఏవీ రాయొద్దు.

ప్రశ్న: మా ఆడపిల్లిని నిన్న సాయంత్రం ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చాం. తూలుతూ వెళ్ళి మంచం కింద దూరింది, ఏమీ తినలేదు. నొప్పేమో పాపం, ఇంట్లో పారాసెటమాల్ ఉంది, చిన్న ముక్క వేయొచ్చా?

జవాబు: వద్దు, చిటికెడు కూడా వద్దు! పిల్లి లివర్ ఆ మందుని మనలా విరగ్గొట్టలేదు, దాంతో రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి పోతుంది, చిన్న ముక్కతోనే ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఒకవేళ ఇప్పటికే వేసేసి ఉంటే ఇలా రాస్తూ కూర్చోకుండా హాస్పిటల్‌కి పరిగెత్తండి. ఐబుప్రోఫెన్ కూడా అంతే, కుక్కలకీ పిల్లులకీ కడుపులో పుళ్ళు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. మీ డాక్టర్ రాసిచ్చిన నొప్పి మందు ఉంటే అదే, ఆయన చెప్పిన డోసే, చాల్లేదనిపిస్తే ఫోన్ చేసి అడగండి.

మొదటి రాత్రి తూలడం, దాక్కోవడం మత్తు వల్లే. వెచ్చగా, చీకటిగా ఉన్న గదిలో కింద పడుకోబెట్టండి, ఎత్తులో పెడితే తూలి పడుతుంది. పూర్తిగా మెలకువ వచ్చాక మామూలుగా తినేదాంట్లో సగం పెట్టండి, ఒకసారి కక్కినా భయం లేదు. మర్నాడు సాయంత్రానికి కూడా ముద్ద ముట్టకపోతే మాత్రం ఊరుకోవద్దు, పిల్లులు తిండి మానేస్తే లివర్ పాడవుతుంది. రెండు మూడు రోజులు దొడ్డికి రాకపోవడం మామూలే, ఒంటికి పోలేక ముక్కుతుంటే మాత్రం చెప్పండి. ఇంకోటి, పిల్లి దొడ్డికెళ్ళే ట్రేలో వేసే లిట్టర్ పొడి కుట్లకి అంటుకుంటుంది కాబట్టి కొన్నాళ్ళు ట్రేలో చింపిన న్యూస్‌పేపర్ వేయండి.

ప్రశ్న: మా మగకుక్కకి ఆపరేషన్ అయ్యి రెండు వారాలు, కుట్లు కూడా తీసేశారు. పక్కింటి ఆడకుక్క హీట్‌లో ఉంది, అంటే ఎదకొచ్చింది, ఇప్పుడు వదిలినా ఇబ్బంది లేదు కదా?

జవాబు: ఉంది! వృషణాలు తీసేసినా గొట్టాల్లో మిగిలిన వీర్యం కొన్ని వారాలు పనిచేస్తుంది. నెల నుంచి నెలన్నర దాకా దూరంగా ఉంచండి. ఆ సంచి ఖాళీగా వేలాడుతూ కొంచెం వాచినట్టుంటే అదే సర్దుకుంటుంది. ఇకపై తిండి కూడా కాస్త తగ్గించాలి, ఈ ఆపరేషన్ అయ్యాక ఒంటికి కేలరీలు తక్కువ సరిపోతాయి గానీ ఆకలి మాత్రం తగ్గదు. నెలకోసారి బరువు చూసి దాన్ని బట్టి కొలత మార్చండి.