ఒంగోలులో బీఈడీ చేసి థాయిలాండ్‌లో ఇంగ్లీష్ చెప్పాలంటే యాక్సెంట్ మార్చుకోవాలా?

అక్కర్లేదు. అమెరికన్ యాక్సెంట్ కోచింగ్‌కి డబ్బు పోసి ముక్కుతో మాట్లాడితే అక్కడి పిల్లలకే కాదు, మీ ఇంట్లోవాళ్లకీ అర్థం కాదు. దిద్దుకోవాల్సింది మాట చివర.

తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి మన నోరు బస్‌ని బస్సు, బుక్‌ని బుక్కు చేసేస్తుంది. థాయి నోటిది ఇంకో తంటా. చివరి స వాళ్లకి ట అవుతుంది, ల వచ్చి న అవుతుంది. బస్ ‘బట్’, బాల్ ‘బోన్’. మీరు బస్సు, వాళ్లు బట్ అంటుంటే అసలు మాట ఆ క్లాసులో ఎవరి నోటా రానట్టే. వి, డబుల్యూ తేడా మనకీ లేదు, వాళ్లకీ లేదు. రోజూ ఇరవై మాటలు ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి. అప్పటికప్పుడు వింటే చెవి మనల్నే వెనకేసుకొస్తుంది.

తర్వాత దగ్గర్లోని ప్రైమరీ స్కూల్లో అడిగి, మూడో తరగతికి ఇరవై నిమిషాల పాఠం చెప్పండి. తెలుగు ఒక్క ముక్క రాకూడదు. ఆరు మాటలు చాలు: గుడ్డు, అరటిపండు, ఉప్పు, అట్టాంటివి. వస్తువులే పట్టుకెళ్లండి. గూడూరు నిమ్మకాయ తీసుకెళ్లి లెమన్ అనొద్దు, అది లైమ్. వస్తువు చూపిస్తూ మూడుసార్లు మీరే అనండి, పిల్లలు వింటారు. ఆపైన అందరూ కలిసి, తర్వాత వరసల వారీగా, చివర ఒక్కొక్కరు. బోర్డు మీద రాత ఆఖరున. ముందే రాస్తే స్పెల్లింగ్ చూసి చదివేస్తారు.

మాటలు వచ్చాక ఆట ఆడిస్తాం కదా, పాఠం చెడేది ఆ ఆట ఎట్టా ఆడాలో చెప్పేటప్పుడే. ‘నౌ ఐ వాంట్ యూ ఆల్ టు’ అని మొదలుపెడితే సగం మంది కిటికీలోకి చూస్తారు. రెండు వేళ్లు చూపించి ‘టూ స్టూడెంట్స్’ అనండి, ఒక జతని నిలబెట్టి ఆడించి చూపించండి, ఆపైన ‘గో’. ‘అండర్‌స్టాండ్?’ అని అడిగితే నెల్లూరులోనైనా బ్యాంకాక్‌లోనైనా ‘యస్ టీచర్’ అనే అంటారు. ‘టూ ఆర్ త్రీ?’ అని అడగండి, విననివాళ్లు దొరికిపోతారు.

శని, ఆదివారాల్లో ముగిసే ‘120 గంటల’ ఇంగ్లీష్ టీచింగ్ ఆన్‌లైన్ సర్టిఫికెట్లలో ఇదేదీ ఉండదు. క్విజ్ నొక్కడం వస్తుంది, అంతే. కేంబ్రిడ్జ్ వాళ్లు ఇంగ్లీష్ టీచర్లకిచ్చే సర్టిఫికెట్ సెల్టా ఖరీదే గానీ అందులో నిజమైన విద్యార్థులకి 6 గంటలు పాఠం చెప్పిస్తారు, ట్రైనర్ వెనక కూర్చుని తప్పులు రాసుకుంటారు.

మర్యాదలు సగం మనవే. వాళ్ల ‘వై’ మన నమస్కారమే, పిల్లలు ముందు పెడతారు. ముద్దొచ్చి తల నిమరడం మాత్రం మానుకోవాలి. టీచర్ని ‘క్రూ’ అంటారు, గురు నుంచి వచ్చిందే. టీచర్ల లైసెన్సులు చూసే అక్కడి సంస్థ ఖురుసపా కూడా అక్షరాలా గురుసభే. మీ బీఈడీ అక్కడ పనికొస్తుంది.

స్కూళ్లు మే మధ్యలో తెరుస్తారు కాబట్టి ఫిబ్రవరికల్లా కాగితాలు సిద్ధం కావాలి. ‘టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, తర్వాత చూద్దాం’ అనే ఏజెంటుకి దణ్ణం పెట్టేయండి. చదువు చెప్పడానికి నాన్ ఇమిగ్రెంట్ బి వీసా, వర్క్ పర్మిట్ రెండూ ఉండాలి. పేర్లు కూడా ఇప్పుడే చూసుకోండి. టెన్త్‌లో ఇంటిపేరు నిండుగా, డిగ్రీలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో ఇంకో వరస ఉంటే అక్కడి గుమస్తాకి మీరు ముగ్గురు మనుషులు. నోటరీ అఫిడవిట్ ఒంగోలులోనే చేయించుకుని పోండి.