షుగర్, బీపీకి ఊళ్ళె పీహెచ్‌సీ సరిపోతదా? మా అమ్మ సంగతి చెప్త

మీ నాన్నగారికి షుగర్, బీపీ రెండూ కొత్తగా బయటపడ్డయి, ఊళ్ళె పీహెచ్‌సీల చూపియ్యాల్నా, టౌన్ల ప్రైవేటుకు తీస్కపోవాల్నా అని అడిగిన్రు కదా. మాది నల్గొండ జిల్లా, మా అమ్మ నాలుగేండ్ల సంది పీహెచ్‌సీ గోలీలే వాడుతుంది.

గోలీల వరకైతే రంది లేదండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, బీపీకి ఆమ్లోడిపిన్, టెల్మీసార్టాన్ ఇవన్నీ పైసా తీస్కోకుండ నెలకు సరిపడ ఇస్తరు. 2017ల మొదలైన బీపీ కంట్రోల్ ప్రోగ్రామ్‌ల మొదటి ఐదు రాష్ట్రాలల్ల తెలంగాణ ఒకటి, అందుల పద్ధతే అది, పేషెంటుకో కార్డు, నెలనెలా బీపీ రాసుడు, నెల గోలీలు ఇచ్చుడు. ఆశా అక్క ఇంటికొచ్చి యాది చేస్తది కూడా, మా అమ్మ ఆమెకు భయపడే ఉప్పు తగ్గించింది, నా మాట ఎన్నడు విన్నది గనక.

మాకు దెబ్బ పడ్డది వేరే కాడ. ఏడాదిన్నర ప్రతి నెల కార్డు మీద 160/100, 158/96, 164/100 అని ముత్యాల లెక్క రాసిన్రు, అదే ఆమ్లోడిపిన్ 5 చేతిల పెట్టి పంపిన్రు. నర్సమ్మ ఉన్న గోలీ ఇస్తది గని డోసు మార్చాల్సింది డాక్టరు, ఆయనేమో మేం పోయిన రోజు మీటింగ్‌లనో క్యాంపులనో ఉంటడు, ఉన్నా బారెడు లైను. 140/90 కిందికి రావాలని నాకూ అప్పుడు తెల్వదు, ఈ వయసుల ఇంతే అనుకున్నం. చివరికి నేనే సెలవు పెట్టి డాక్టర్ ఉన్న రోజు అడిగి పోయి, కార్డు ముందల పెడితే రెండు నిమిషాలు చూసి టెల్మీసార్టాన్ 40 కలిపిండు, రెండు నెలలల్ల 136/84కి దిగింది. ఆ గోలీ అప్పటిదాక అదే అలమారల ఉన్నది!

షుగర్‌కు వేలు గుచ్చి చూసుడే ఎక్కువ. మూడు నెలల షుగర్ (హెచ్‌బీఏ1సీ), కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ పరీక్ష కావాలంటే మీరే అడగాలె, రక్తం తీసి జిల్లాల ఉన్న టీ-డయాగ్నోస్టిక్స్ అనే సర్కారు ల్యాబ్‌కు పంపుతరు. కంటి వెనక పొర చూపిచ్చేందుకు మేం జిల్లా దవాఖానకే పోతం, ఏడాదికోసారి. ఒకట్రెండు సార్లు గ్లిమిపిరైడ్ స్టాక్ లేక పది రోజులకే ఇచ్చిన్రు, అందుకే ఒక వారం గోలీలు ఎప్పుడూ ఇంట్ల మిగిలేటట్టు చూస్కుంటం.

కాబట్టి మీరైతే ముందు ఒక్కసారి పెద్ద దవాఖానల ఈసీజీ, కిడ్నీ, కండ్లు అన్నీ చూపియ్యండి, అవి బాగుంటే నెలనెలా పీహెచ్‌సీకే పోవచ్చు. ఛాతీల నొప్పి, ఆయాసం, కాలుకు మానని పుండు ఉంటే మాత్రం అక్కడ టైం పెట్టకండి, నేరుగా పెద్ద దవాఖానకే. ఇంతకీ మీ నాన్నగారికి బీపీ ఎంత చూపిస్తుందండి?