ఎన్నారై సందేహాలు: ఫుట్‌బాల్ చూడటానికి పిలిచారు, మానేయవచ్చా?

సందేహం: మినియాపోలిస్ వచ్చి ఐదు నెలలైంది. సోమవారం వచ్చిందంటే ఆఫీసులో అందరివీ అమెరికన్ ఫుట్‌బాల్ మాటలే. మొన్న మా టీములో ఒకాయన 2018 నాటి వీడియో ఒకటి చూపించి, ఇది తెలియకుండా ఈ ఊళ్లో ఎలా ఉంటున్నావని అడిగారు. పది సెకన్ల ఆట. ఒకతను బంతి పట్టుకుని పరుగెత్తాడు, అంతే. అందులో అంత గొప్పేమిటో నాకు అర్థం కాలేదు. వచ్చే ఆదివారం ఆట చూడటానికి వాళ్లింటికి రమ్మన్నారు. నాకు ఆట తెలియదు, మాంసం తినను, మందు ముట్టను. ఏదో ఒకటి చెప్పి మానేయవచ్చా? అలాగే డ్రైవింగ్ లైసెన్సుకు, పన్ను రిటర్నుకు ఏమేం కాగితాలు కావాలో చెప్పగలరు.

జవాబు: చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, అది చిన్నది. లైసెన్సు సంగతి రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్లో, పన్ను సంగతి ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైట్లో వివరంగా ఉన్నాయి. మారుతూ ఉండే నిబంధనలను నా నోట వినడం కంటే అక్కడ చదువుకోవడం క్షేమం. చదువుకున్నవారు, చూసుకోగలరు. నాకు నిద్ర పట్టనివ్వనిది మీ ఉత్తరంలోని ‘ఏదో ఒకటి చెప్పి మానేయవచ్చా’ అన్న వాక్యం. బాబూ, ఆ వాక్యంతో నేను నాలుగేళ్లు కాపురం చేశాను.

2003 జనవరిలో ఖమ్మం నుంచి ఇక్కడికి వచ్చాను. సున్నాకు ఇరవై డిగ్రీల కింద చలి. అప్పట్లో మీకున్నట్టు వీడియో కాల్సు లేవు, ఇంటికి తెచ్చిపెట్టే కిరాణా సరుకులు లేవు. గీకి నంబరు చూసుకునే ఫోను కార్డులు ఉండేవి, అమ్మ మంచి మాటలో ఉండగానే నిమిషాలు అయిపోయేవి. ఆ ఏడు చలి మొదలయ్యే వేళకు ఒక దుకాణంలో దళసరి ఉన్ని స్వెటరు మూడో వంతు ధరకు అమ్ముతుంటే ఎగిరి గంతేసి కొన్నాను. ఆకుపచ్చ, పసుపు. మా ఊళ్లో పెళ్లిపందిరి రంగులు. ఇంత మంచి స్వెటరును ఇంత చవకగా ఎందుకు వదిలించుకుంటున్నారో ఆలోచించే తెలివి నాకు లేదు.

అదే నెలలో ఆఫీసు మిత్రుడొకాయన ఆదివారం ఆటకు పిలిచాడు. ఉన్నవాటిలో మంచిదని ఆ స్వెటరే వేసుకుని వెళ్లాను. తలుపు తీయగానే ఇల్లంతా గొల్లుమంది. ఇంటావిడ లోపలికి పరుగెత్తి ఊదారంగు దుప్పటి తెచ్చి నా భుజాల చుట్టూ కప్పింది. శాలువా కప్పి సన్మానం చేస్తున్నారనుకుని నేను వంగి నమస్కారం పెట్టాను. మళ్లీ గొల్లుమన్నారు. ఆకుపచ్చ, పసుపు పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లోని గ్రీన్ బే ప్యాకర్స్ రంగులనీ, ఊదా ఇక్కడి వైకింగ్స్ రంగనీ, ఈ రెండు జట్లకూ తరాల వైరమనీ మర్నాడు ఎవరో చెబితే తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం నా యాసను చూసి, నా అవతారం చూసి నవ్వారనుకున్నాను. ఇంటికి వచ్చి అన్నం కూడా తినలేదు. పరాయివాణ్ని ఎవరూ అలా ఆటపట్టించరనీ, మన ఊళ్లో కొత్త అల్లుడిని మరదళ్లు ఏడిపించేది కూడా ఇలాగేననీ తట్టడానికి ఏళ్లు పట్టింది.

ఆ తర్వాత ఎవరు పిలిచినా ఏదో ఒకటి చెప్పడమే. కడుపునొప్పి అన్నాను. ఇండియా నుంచి ఫోను వస్తుందన్నాను. ఒక శీతకాలమంతా ఆదివారాలు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతమని చెప్పాను. ఆ వ్రతం ఎప్పటికి పూర్తవుతుందని ఒకావిడ ఎంతో భక్తిగా అడిగింది. క్రమంగా పిలవడం మానేశారు. గెలిచాననుకున్నాను.

ఇంతకీ ఆదివారం ఏం చేసేవాణ్నో చెప్పనా? బట్టలు ఉతుక్కోవడం, వారానికి సరిపడా పప్పు వండి డబ్బాలకెత్తడం. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మెట్లు దిగితే మళ్లీ సోమవారం ఉదయం దాకా మనిషితో మాట ఉండేది కాదు. సోమవారం మొదటి పలకరింపుకు గొంతు పెగలక దగ్గేవాణ్ని, జలుబు చేసిందా అని అడిగేవారు. జలుబే అనేవాణ్ని. డబ్బు ఇబ్బందులకు సలహా చెప్పేవారు పదిమంది దొరుకుతారు. ఈ దగ్గుకు మందు ఎవరూ చెప్పరు, అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను. ఒకసారి జ్వరం వచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. ఇంటి ముందు మంచు తీయలేదనీ, కారు కదలలేదనీ గమనించి పక్కింటి పెద్దాయన పార పట్టుకుని వచ్చి తలుపు కొట్టాడు. భార్య పోయిన మనిషి, ఆయనదీ ఒంటి బతుకే. ఆ వారం నుంచి ఆయన నేలమాళిగలో టీవీ ముందు నాకు అక్షరాభ్యాసం మొదలైంది. బల్ల మీద వేరుశనగ గింజలు పేర్చి ఆట నేర్పాడు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోతే మళ్లీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి అవతలివాళ్లది. ఇంత తెలిస్తే మీకు ఈ ఆదివారం గడిచిపోతుంది.

ఇక మీ పది సెకన్ల వీడియో. ‘ఒకతను బంతి పట్టుకుని పరుగెత్తాడు, అంతే’ అని రాశారు. రాసిన చేతికి ఒక మొట్టికాయ వేసుకుని చదవండి.

2018 జనవరి 14, ఆదివారం. సంక్రాంతి పండుగ రోజులు. ఇక్కడి యూఎస్ బ్యాంక్ స్టేడియంలో వైకింగ్స్‌కు, న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌కు ప్లేఆఫ్ ఆట. ఓడినవారికి ఆ ఏటి కథ ముగిసినట్టే. సగం ఆటకు మనవాళ్లు 17-0తో ముందున్నారు. (‘మనవాళ్లు’ అన్నాను చూశారా, ఆ మాట రావడానికి పదిహేనేళ్లు పట్టింది.) తర్వాత సెయింట్స్ పుంజుకున్నారు. చివరి మూడు నిమిషాల్లో ఆధిక్యం ఉయ్యాల ఊగింది. ఇరవై ఐదు సెకన్లు ఉండగా సెయింట్స్ ఫీల్డ్ గోల్ (బంతిని కాలితో తన్ని స్తంభాల మధ్య నుంచి పంపడం, మూడు పాయింట్లు) కొట్టి 24-23 చేశారు. అంతే, మా పెద్దాయన లేచి గిన్నెలు కడుక్కోవడానికి పైకి వెళ్లిపోయాడు. ఆయన్ను తప్పు పట్టలేం. సూపర్ బౌల్ అంటే ఏటి విజేతను తేల్చే ఫైనల్, అలాంటివి నాలుగు ఆడి నాలుగూ ఓడిన జట్టు మాది. 1998 సీజనంతా ఒక్క ఫీల్డ్ గోల్ కూడా తప్పని మా కిక్కర్ గ్యారీ ఆండర్సన్, 1999 జనవరిలో సరిగ్గా కావలసిన రోజున తప్పాడు. 2016 జనవరిలో 27 గజాల నుంచి కొట్టవలసిన సులువైన గోల్ పోయి 10-9తో ఓడారు. ఈ ఊరివాళ్లకు ఆశపడటమంటే భయం.

పది సెకన్లు మిగిలాయి. బంతి సొంత 39 గజాల గీత దగ్గర ఉంది, గెలుపు గీత 61 గజాల అవతల. గడియారాన్ని ఆపించుకునే టైమౌటు వైకింగ్స్ దగ్గర ఒక్కటీ లేదు. కిటుకంతా గడియారంలో ఉంది. బంతి పట్టినవాణ్ని మైదానం లోపల పడేస్తే గడియారం ఆగదు, ఆట ముగిసిపోతుంది. అతడు పక్క గీత దాటి బయటికి వెళితే ఆగుతుంది. కాబట్టి పథకం ఏమిటంటే, విసిరిన బంతిని పట్టే రిసీవర్ గీత పక్కన దాన్ని అందుకుని వెంటనే బయటికి అడుగు పెట్టాలి, మిగిలిన ఒకటి రెండు సెకన్లలో ఫీల్డ్ గోల్ కొట్టాలి. కిక్కర్ ఫోర్బాత్ అంతకు కాసేపటి ముందే 53 గజాల నుంచి కొట్టి ఉన్నాడు, కనుక అది గాలిమేడ కాదు.

విసిరినవాడు కేస్ కీనమ్, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో ఏ జట్టూ ఎంచుకోని క్వార్టర్‌బ్యాక్. పట్టవలసినవాడు స్టెఫాన్ డిగ్స్, అదే డ్రాఫ్టు ఐదో రౌండులో 146వ పేరుగా వచ్చిన కుర్రాడు, వయసు 24. కుడివైపు గీత దగ్గర డిగ్స్ గాలిలోకి లేచి రెండు చేతులా బంతి అందుకున్నాడు. అతణ్ని పడేయవలసిన మార్కస్ విలియమ్స్, సెయింట్స్‌లో తొలి ఏడాది ఆటగాడు, తల దించుకుని దూకాడు. డిగ్స్‌ను పట్టలేక కింద నుంచి దూసుకుపోయి సొంత జట్టువాణ్నే పడగొట్టాడు. ఆ కుర్రాడి మీద నాకు ఇప్పటికీ జాలి. బంతి చేతికి రాకముందే తగిలితే పెనాల్టీ, వచ్చాక ఆలస్యమైతే ఇలా. అదే ఆటలో అంతకుముందు కీనమ్ విసిరిన బంతిని మధ్యలో లాగేసుకున్నది కూడా అతడే, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఇప్పుడు వీడియో ఆపి డిగ్స్ కాళ్లు చూడండి. అతడు నేల మీదికి దిగి తూలాడు. ఒంటి ఊపంతా గీత వైపే. శిక్షకుడు చెప్పింది, సాధన చేసింది, కీనమ్ ఆశించింది అన్నీ గీత వైపే. తూలినవాడు ఒక చెయ్యి నేలకు ఆనించి నిలదొక్కుకున్నాడు. తల తిప్పాడు. వెనక ఎవరూ లేరు! గీతకు కొద్ది అడుగుల ఇవతల, చెప్పిన పని మానేసి, ముందుకు తిరిగి పరుగందుకున్నాడు. గడియారం సున్నాకు వచ్చేసింది, అతను గెలుపు గీత అవతల ఎండ్ జోన్‌లో ఉన్నాడు. బంతితో అక్కడికి చేరితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. 61 గజాల టచ్‌డౌన్ అది. 29-24. ఈ జట్లన్నీ ఆడే లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్‌లలో ఒక ఆట నిర్ణీత సమయపు ఆఖరి ప్రయత్నంలో టచ్‌డౌన్‌తో ముగియడం అదే మొదటిసారి. దీనినే ఈ ఊరు ‘మినియాపోలిస్ మిరకిల్’ అంటుంది.

మిరకిల్ అన్న మాట నాకు నచ్చదు. చెడుగుడులో కూతకు వెళ్లినవాణ్ని తలచుకోండి. పట్టుబడ్డాడని అందరూ అనుకున్న క్షణంలో వాడి వేళ్లు గీతను వెతుక్కుంటాయి. ఆలోచించి చేసేది కాదు అది, ఆలోచించకుండా జరిగేదీ కాదు. బౌండరీ తాడు దగ్గర క్యాచ్ పట్టి, తూలుతున్నానని తెలిసి బంతిని లోపలికి ఎగరేసి, తాను అవతలికి దిగి మళ్లీ లోపలికి వచ్చి పట్టే క్రికెటర్లను మీరు చూసే ఉంటారు. అభ్యాసం కూసువిద్య. అయితే డిగ్స్‌ది ఇంకో మెట్టు పైన. వాళ్లు సాధన చేసిందే చేస్తారు. ఇతను సాధన చేసిన పనిని చేస్తూ చేస్తూ, అది ఇక అక్కరలేదని అర సెకనులో గ్రహించాడు. దూకుడు కూడా కాదు సుమండీ. ఒక్క సెయింట్స్ ఆటగాడు వెనక నిలబడి ఉంటే అదే డిగ్స్ గీత దాటేవాడు, దాటడమే సరైన పని అయ్యేది.

సరిగ్గా అప్పుడే అమ్మ ఫోను. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది, ముగ్గు పెట్టి వచ్చి పండుగ పూట పలకరిద్దామని చేసింది. నేను వేసిన కేకకు బెదిరిపోయి ఎవరికేమయిందని అడిగింది. డిగ్స్ గీత దాటలేదమ్మా అన్నాను. దాటకపోతే మంచిదే కదా నాన్నా అంది. పెద్దాయన చేతులనిండా సబ్బు నురగతో మెట్లు దిగి వచ్చి, చివరి మెట్టు మీద కూర్చుండిపోయి, మళ్లీ మళ్లీ చూపిస్తున్న ఆటను నోరు తెరుచుకుని చూశాడు. అరవై ఏళ్లుగా ఇదే ఊళ్లో ఉన్న మనిషి చూడవలసిన ఒక్క ఆటను గిన్నెల దగ్గర పోగొట్టుకున్నాడు, ఖమ్మం నుంచి వచ్చినవాణ్ని నేను చూశాను. ఈ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

మీకు చెప్పదలచింది ఆ గీత గురించే. వచ్చేటప్పుడు అందరికీ పథకం ఒకటే. రెండేళ్లు సంపాదించి బయటపడటం. నాదీ అదే. అందుకే ఐదేళ్లు కుర్చీ కొనలేదు, నేల మీద పరుపు వేసుకునే ఉన్నాను. వెళ్లిపోయేవాడికి స్నేహాలెందుకు, ఆటలెందుకు అనుకున్నాను. పథకం తప్పని అనను, వెళ్లిపోయి సుఖంగా ఉన్నవారిని ఎరుగుదును. కానీ నేను ఒక్కసారైనా తల తిప్పి ఎదుట ఏముందో చూడలేదు. మీరు ఐదో నెలలోనే సాకులు వెతుకుతున్నారు. నాకంటే త్వరపడుతున్నారు.

కాబట్టి వెళ్లండి. తిండికి దిగులు వద్దు, చిప్స్, చీజు, సల్సా తప్పకుండా ఉంటాయి, మందు వద్దంటే ఎవరూ బలవంతపెట్టరు. చేతులు ఊపుకుంటూ మాత్రం వెళ్లకండి. గారెలు వేసి తీసుకెళ్లండి, పచ్చిమిర్చి సగానికి తగ్గించి. మా పెద్దాయన వాటిని కారపు డోనట్లంటాడు, ఆయన తిన్నన్ని నేను తినలేను. గుమ్మంలో జోళ్లు విప్పమంటారు, మేజోళ్లకు చిరుగులు లేకుండా చూసుకోండి (ఇది కూడా అనుభవమే). ఆట మధ్యలో అడగాలనిపించిన ప్రతిదీ అడగకండి, ప్రకటనలు వచ్చినప్పుడు అడగండి. జట్టు ఓడితే ‘ఆటే కదా’ అని మాత్రం అనవద్దు. ఆ మిరకిల్ జరిగిన మరుసటి ఆదివారమే వైకింగ్స్ ఫిలడెల్ఫియాలో 38-7తో చిత్తుగా ఓడారు. ఆ ఏడు సూపర్ బౌల్ ఈ ఊళ్లోనే జరిగింది, సొంత ఇంట్లో పెళ్లికి పరాయివాళ్లు పీటల మీద కూర్చున్నట్టు. ఫిలడెల్ఫియాలో ఓడిన మర్నాడు, సోమవారం, నేను ఆఫీసులో ఒకాయనతో ‘ఆటే కదా’ అన్నాను. మూడు వారాలు నాతో మాట్లాడలేదు. చావింటికి వెళ్లినట్టే వెళ్లాలి, పక్కన కూర్చుని కాఫీ తాగి రావాలి.

ఇక బట్టలు. ఊదారంగు ఉంటే సరే, లేకపోతే నల్లదో బూడిదరంగుదో చాలు. ఆకుపచ్చ, పసుపు కలిసినవి ఎంత చవకగా వచ్చినా కొనకండి. నా స్వెటరు ఇప్పటికీ పెట్టె అడుగున ఉంది. డబ్బు పెట్టి కొన్నది, పారేయడానికి చెయ్యి రాలేదు.