చట్టం ఒప్పుకున్న డ్యూటీకి ఒళ్లు ఒప్పుకోకపోతే?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో పైలట్ శిక్షణ చివరి దశలో ఉంది. పగలూ రాత్రీ తలకిందులయ్యే డ్యూటీలు వేస్తారని సీనియర్లు చెబుతున్నారట. యూనియన్ అడ్డుకుంటుందని కొందరు, అదేమీ చేయలేదని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి? కాదంటే ఉద్యోగానికి ముప్పా?

జవాబు: అమ్మా, రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ముందు ఆ డ్యూటీ ఎలా ఉంటుందో చూడండి.

బేస్‌లో, అంటే పైలట్‌కు కేటాయించిన సొంత విమానాశ్రయంలో, బయలుదేరి మళ్లీ అక్కడికే చేరేదాకా నడపాల్సిన విమానాల వరసను పెయిరింగ్ అంటారు. ఒక రోజుదీ ఉంటుంది, నాలుగు రోజులదీ ఉంటుంది. ఒక పెయిరింగ్‌లో తొలిరోజు డ్యూటీ తెల్లవారుజామున 5కి మొదలై మధ్యాహ్నం 2కి ముగిసిందనుకుందాం. మళ్లీ రిపోర్ట్ చేయాల్సింది ఆ రాత్రే 2 గంటలకు. మధ్యలో 12 గంటలు. ప్రయాణికుల విమానాలకు 2014 జనవరి 4 నుంచి అమల్లో ఉన్న ‘పార్ట్ 117’ నిబంధనలు అడిగే విశ్రాంతి 10 గంటలే. లెక్క సరిపోవడమే కాదు, రెండు గంటలు మిగిలాయి కూడా. కానీ పట్టపగలు హోటల్ కర్టెన్లు మూసుకుని పడుకుంటే ఎంతసేపు నిద్ర పడుతుంది? ఆ నిద్రతోనే, మనిషి ఒళ్లు తూలే వేళలో విమానం నడపాలి.

చట్టం దాటిన డ్యూటీని చట్టమే ఆపుతుంది. యూనియన్ పోట్లాడేది చట్టం ఒప్పుకున్నా ఒళ్లు ఒప్పుకోని ఇలాంటి డ్యూటీల మీద. వచ్చే నెల పెయిరింగులను కంపెనీ కంప్యూటర్ అల్లుతుంది. దానికి తెలిసింది ఖర్చు, నిబంధన, అంతే. ఏవి కావాలో పైలట్లు కోరుకునేలోపు (దీన్నే బిడ్ వేయడం అంటారు) యూనియన్ షెడ్యూలింగ్ కమిటీ వాటిని జల్లెడ పడుతుంది. కమిటీలో ఉండేదీ పైలట్లే. ఈ పెయిరింగ్ గత నెల నడిపినవాళ్లు ఇచ్చిన అలసట రిపోర్టులు ముందు పెట్టుకుని కంపెనీ ప్లానర్లతో బేరమాడతారు. ఒక విమానం తీసేయడం, బస ఒక రాత్రి పొడిగించడం, హోటల్ మార్చడం లాంటివాటితో కొన్ని అక్కడే సర్దుకుంటాయి.

సర్దుకోనివాటి సంగతి కంపెనీకీ యూనియన్‌కూ మధ్య ఉన్న ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. కొన్ని సంస్థల్లో కమిటీ వాటిని ‘డిస్ప్యూటెడ్ పెయిరింగ్’గా, అంటే వివాదంలో ఉన్నదిగా ప్రకటించవచ్చు. అప్పుడవి ఎవరి నెల షెడ్యూల్లోకీ వెళ్లవు. ఇష్టపడి తీసుకోవద్దని యూనియన్ సభ్యులకు చెబుతుంది. అలాగని విమానం ఆగదు, కంపెనీ దాన్ని రిజర్వ్‌లో, అంటే పిలిస్తే వెళ్లేందుకు సిద్ధంగా ఉన్న పైలట్‌కు వేస్తుంది. రిజర్వ్‌లో ఎక్కువగా ఉండేది కొత్తగా చేరినవాళ్లు, అంటే రేపు మీ అమ్మాయి. సీనియర్లు తప్పించుకున్నది జూనియర్ నెత్తిన పడటం నాకూ నచ్చదు. కానీ ఆ పైలట్ రాసే రిపోర్టే మరుసటి నెల కమిటీ చేతిలో ఆయుధం.

ఒప్పందాన్నే ఉల్లంఘించారనిపిస్తే గ్రీవెన్స్ (లాంఛనంగా ఫిర్యాదు) వేస్తారు. అక్కడ పద్ధతి ‘ముందు నడుపు, తర్వాత ఫిర్యాదు చెయ్యి’. విమానయాన సంస్థలకు 1936 నుంచి వర్తిస్తున్న రైల్వే లేబర్ చట్టం ప్రకారం ఇలాంటి తగాదాలకు సమ్మె కుదరదు. కంపెనీ, యూనియన్ ప్రతినిధులు కూర్చునే సిస్టమ్ బోర్డు ముందుకు, అక్కడా తేలకపోతే మధ్యవర్తి దగ్గరకు వెళ్లాలి. నెలలు పట్టొచ్చు. ఓపిక పట్టకుండా మూకుమ్మడిగా సిక్ లీవులు పెడితే ఏమవుతుందో 1999లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల యూనియన్‌కు తెలిసొచ్చింది. అక్కడి గొడవ షెడ్యూళ్ల మీద కాదు, రెనో ఎయిర్ కొనుగోలు మీద. అయినా కోర్టు 4.5 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేసింది.

ఇక ఉద్యోగం సంగతి. ‘ఈ షెడ్యూల్ నాకు నచ్చలేదు’ అని డ్యూటీ మానేస్తే ముప్పే. ‘అలసిపోయాను, క్షేమంగా నడపలేను’ అనడం వేరు. 2009 ఫిబ్రవరి 12న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ సంస్థ విమానం కూలి 50 మంది చనిపోయాక పైలట్ల అలసట మీద పెద్ద చర్చ జరిగింది. పార్ట్ 117 వచ్చింది ఆ తర్వాతే. దాని ప్రకారం నడపబోయే ప్రతి విమానానికీ ముందు ‘ఫిట్‌గా ఉన్నాను’ అని పైలట్ ధ్రువీకరించాలి. లేకపోతే నడపకూడదు, కంపెనీ నడపనివ్వకూడదు. అలసట ఉంటే అలసట అనే చెప్పమనండి, జ్వరమని కాదు. జ్వరమంటే ఆ పెయిరింగ్ మీద మచ్చ పడదు. వచ్చే నెల మరొకరికి అదే వేస్తారు.

కార్గో సంస్థలో చేరాలనుకుంటే ఒక మాట. పార్ట్ 117 కార్గోకు తప్పనిసరి కాదు, రాత్రి విమానాలేమో అక్కడే ఎక్కువ. కాబట్టి జీతం పేజీ కన్నా ముందు ఒప్పందంలోని షెడ్యూలింగ్ అధ్యాయం చదవమనండి. మొదటి ఏడాది ప్రొబేషన్‌లో షెడ్యూలింగ్ డెస్క్‌తో ఫోన్లో వాదనకు దిగకుండా యూనియన్ ప్రతినిధికి చెప్పడం మేలు.

అలసట రిపోర్టులో ‘చాలా అలసిపోయాను’ అని మాత్రమే రాస్తే ఎవరికీ పనికిరాదు. పెయిరింగ్ నంబరు, పడుకున్న వేళ, మెలకువ వచ్చిన వేళ, హోటల్ కారిడార్లో వాక్యూమ్ క్లీనర్ మోత ఎన్ని గంటలకు మొదలైంది, దిగేముందు రేడియోలో ఏ పిలుపు వినకుండా వదిలేసింది, ఇవి ఆ రోజే రాయాలి.