హీటర్ జోలికి మాత్రం పోకు

అమ్మలూ,

నువ్వు షోపాన్ పియానో రచనలు నాక్టర్న్‌లని ఇప్పటి స్టెయిన్‌వే పియానో మీద కాకుండా, ఆయన కాలపు పియానో, 1840ల నాటి ప్లెయెల్ మీద రికార్డు చేస్తున్నావని అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. సంతోషించాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

వారం ముందే వెళ్లి ఆ పియానోకి చేతులు అలవాటు చెయ్యి. ట్యూనర్‌ని రోజంతా దగ్గరే ఉంచుకో.

ఇక హీటర్ సంగతి. నేను ఈ రికార్డింగ్ పనిలో కొత్తగా ఉన్నప్పుడు, చలికాలంలో ఒక పల్లెటూరి చర్చిలో ఇలాంటి ప్లెయెల్‌నే రికార్డు చేశాం. వాయించే అమ్మాయి వేళ్లు ఊదుకుంటూ కూర్చుంటే జాలేసి, మధ్యాహ్నం హీటర్ తెచ్చి దగ్గర పెట్టాను. గాలి ఆరిపోయింది, తంత్రుల నాదాన్ని పెంచే పలుచని చెక్క, అదే సౌండ్‌బోర్డు, కుదించుకుపోయింది, శ్రుతి మెల్లగా జారింది. దాంతోపాటే మా చెవులూ జారాయి, ఎవరికీ తెలియలేదు. మర్నాడు కూర్చుని, పొద్దున రికార్డు చేసినదానికి సాయంత్రం చేసినది అతికిస్తే, చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేసినట్టైంది. సగం పని బుట్టదాఖలు. అదీ పోనీ. ఆ రాత్రి సామాను సర్దుతుంటే పియానోలోంచి టప్‌మని చప్పుడు. సౌండ్‌బోర్డులో జానెడు పగులు! యజమాని, పెద్దాయన, ఒక్క మాట అనలేదు. ఆ పగులు మీద వేలితో ఒకసారి రాసి మూత దించేశాడు. తిట్టినా బాగుండేది.

నువ్వసలే స్వెటర్ వేసుకోమంటే విసిరికొట్టే రకానివి. ఈసారి రెండు వేసుకో.

పెద్ద శబ్దం కోసం పియానో మీట మీద బలం పెట్టకు, చెక్క చప్పుడే వస్తుంది. మంద్రస్వరాల బాస్ తంత్రులు మిగతావాటి మీదుగా ఏటవాలుగా వెళ్లే గ్రాండ్ పియానోకి స్టెయిన్‌వే పేటెంట్ తీసుకున్నది 1859లో. షోపాన్ పోయింది 1849లో. ప్లెయెల్‌లో తంత్రులన్నీ పక్కపక్కనే సాగుతాయి, ఎడమచేతి స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి. నాదం త్వరగా ఆరిపోతుంది కాబట్టి నాదాన్ని నిలిపే పెడల్‌ని షోపాన్ రాసినంత సేపూ ధైర్యంగా నొక్కు, స్టెయిన్‌వే మీదలాగా అలుక్కుపోదు. ఓపిక లేని రోజున ఎరార్ పియానో చాలు, ఉన్న రోజున ప్లెయెల్ కావాలి అనేవాడట షోపాన్. ఎరార్‌లో నాదం తయారుగా ఉంటుంది, ప్లెయెల్‌లో మనం వెతుక్కోవాలి.

అలాగని స్టెయిన్‌వేని తక్కువ చేస్తూ ఆల్బమ్ కవర్ నోట్ రాయకు. పియానిస్టు రూబిన్‌స్టయిన్ స్టెయిన్‌వే మీద వాయించిన నాక్టర్న్‌లు వినే నేనీ వృత్తిలోకి వచ్చాను.

తారీఖులు చెప్పు, టికెట్ తీసుకుంటా. మోకాళ్ల నొప్పి సంగతి అక్కయ్యతో అనకు. ఆ హీటర్ స్విచ్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటా.

మామయ్య